షుగర్ లేదు, పోయి పని చూసుకో

ఇరవై ఆరేళ్ళు నేను ఇతరుల మూత్రం చూసి బతికాను. ఆ పనికి సిగ్గుపడను. చూసి కూడా చూడనట్టు ఊరుకున్న రోజులు కొన్ని ఉన్నాయి, వాటికి సిగ్గుపడతాను. ల్యాబ్ టెక్నీషియన్లుగా దుబాయ్ వచ్చే కుర్రాళ్ళు అల్ నహ్దాలో మా ఫ్లాట్‌కి వచ్చి, "అంకుల్, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, లైసెన్సు పరీక్ష కష్టమా" అంటారు. ఆ సంగతులు ఎవరైనా చెబుతారు. నేను రాసేది వేరే. మెల్లగా చెప్పే వయసు నాకు వచ్చింది గానీ, ఇది మెల్లగా చెప్పే విషయం కాదు.

నా పేరు మస్తాన్. మాది నెల్లూరు పక్కన చిన్న ఊరు. సోనాపూర్‌లో లేబర్ క్యాంపుల మధ్య ఉన్న ఒక క్లినిక్‌లో పనిచేశాను. చుట్టుపక్కల కంపెనీలకు, మా క్లినిక్‌కు ఒప్పందం ఉండేది. జబ్బుపడిన కూలీని కంపెనీ పంపుతుంది, మా డాక్టరు చూస్తాడు, నేను రక్తమో మూత్రమో పరీక్షిస్తాను. ఆ మనిషి పనికి పోవచ్చా లేదా అని ఒక చీటీ రాస్తాం. ఆ చీటీ కోసమే కంపెనీ మమ్మల్ని పోషించేది. జబ్బు ఏమిటన్నది వాళ్ళకు అక్కర్లేదు. మాకు కూడా మెల్లమెల్లగా అక్కర్లేకుండా పోయింది.

మాటిమాటికీ వేరు, ఎక్కువ వేరు

ముందు పని గురించి ఒక మాట. "మూత్రం ఎక్కువ పోతోంది" అని వచ్చేవాళ్ళలో చాలామందికి నిజానికి ఎక్కువ పోదు, మాటిమాటికీ పోతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ప్రొస్టేట్ వాచినా మనిషి గంటకోసారి పరుగెత్తుతాడు, తీరా వచ్చేది రెండు చెంచాలు. ఇంకొకడు అయిదుసార్లే వెళ్తాడు గానీ వెళ్ళినప్పుడల్లా చెంబు నిండుతుంది. ఈ రెండూ ఒకటి కావు. తేడా తెలియాలంటే ఒకటే దారి, కొలవడం. గీతలున్న డబ్బా ఇచ్చి, ఒక పగలూ ఒక రాత్రీ అందులోనే పొయ్యమనాలి. పెద్దవాళ్ళకు రోజుకు మూడు లీటర్లు దాటితే అది ఎక్కువ. మా క్లినిక్‌లో అలాంటి డబ్బాలు అల్మారా నిండా ఉండేవి. ఎవరికీ ఇచ్చేవాళ్ళం కాదు, ఇస్తే మనిషి ఒక రోజు పని మానాలి.

ఎక్కువే అని తేలితే అప్పుడు కారణం వెతకాలి. అందరికీ మొదట తట్టేది షుగర్. రక్తంలో చక్కెర పెరిగితే అది నీళ్ళను వెంటబెట్టుకుని మూత్రంలోకి పోతుంది. అది నిజమే, చాలాసార్లు అదే. కానీ అదొక్కటే కాదు. రక్తంలో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా, కిడ్నీ దెబ్బతిని మూత్రాన్ని చిక్కబరచలేకపోయినా, మానసిక జబ్బుకు వాడే ఒక మందు వల్లా ఇలా అవుతుంది. కొందరు అలవాటుగా నీళ్ళు తాగేస్తారు. షార్జా రోలాలో ఒక బిల్డింగ్ వాచ్‌మన్ ఉండేవాడు, మా నెల్లూరు వైపు మనిషే. నెల రోజులుగా నీళ్ళలా పోతోందని వచ్చాడు. షుగర్ లేదని రెండుసార్లు పంపేశారు. మూడోసారి వచ్చినప్పుడు నేను జేబులో ఏముందో తియ్యమన్నాను. రూమ్మేటు ఇచ్చిన బీపీ గోలీల పట్టీ బయటికొచ్చింది. కాళ్ళు వాచాయంటే దోస్తు పంచిపెట్టాడట. అది ఒంట్లో నీళ్ళు బయటికి తోసే గోలీ. క్యాంపుల్లో ఊరి నుంచి తెచ్చుకున్న మందులు పచ్చడి సీసా తిరిగినట్టు గదంతా తిరుగుతాయి. అందుకే జేబులో ఏముందో అడగండి.

చివరిది అరుదు. మూత్రాన్ని చిక్కబరచమని కిడ్నీకి మెదడు నుంచి హార్మోన్ రూపంలో ఆజ్ఞ పోతుంది. ఆ ఆజ్ఞ ఆగిపోతే కిడ్నీ ఒంట్లో నీళ్ళన్నీ వదిలేస్తుంది. దీన్ని డయాబిటిస్ ఇన్సిపిడస్ అనేవాళ్ళు, ఈమధ్య పేరు మార్చారు. పేరులో డయాబిటిస్ ఉన్నా చక్కెరతో దీనికి సంబంధం లేదు. ఈ జబ్బున్నవాడికి నీళ్ళు ఆపితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదివాను, డిప్లొమా పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

అడిగింది రాయి

మా డాక్టరు పేరు ప్రసాద్. విజయవాడ మనిషి. ఆయన చెయ్యి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. కరోనా మొదటి రోజుల్లో క్యాంపుల్లోకి అడుగు పెట్టడానికి ఇతరులు భయపడుతుంటే ఈయన గది గదికీ తిరిగాడు. తర్వాత క్లినిక్ యజమాని ఆయన్ని ముదీర్‌ను చేశాడు. మేనేజరు కుర్చీ ఎక్కాక ఆయనలో డాక్టరు తగ్గుతూ వచ్చాడు. ఒక్కో మనిషికి మూడు నిమిషాలు. నాకు ఒకటే సూత్రం చెప్పేవాడు.

"ఏమయ్యా మస్తానూ, వాళ్ళు అడిగింది రాయి. అడగనిది రాస్తే ఇంకో టెస్టు అంటారు, ఇంకో రోజు లీవంటారు, కంపెనీ ఇంకో క్లినిక్ చూసుకుంటుంది. అర్థమైందా?"

అర్థమైంది. మూత్రపు పట్టీ మీద పది గళ్ళుంటాయి. మెషీన్ పదీ చదివి చిన్న కాగితం మీద అచ్చు వేస్తుంది. కంపెనీల ఫారంలో రెండే గళ్ళు, చక్కెర, ప్రొటీన్. నేను ఆ రెండూ నింపి, మెషీన్ కాగితాన్ని డబ్బాలో పడేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అదే చేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

గంగారాం

కరోనా అయ్యాక రెండో ఎండాకాలం. జులైలో ఒక రోజు గంగారాం అనే షట్టరింగ్ కార్పెంటర్‌ను, కాంక్రీటు పోతకు చెక్కలు బిగించేవాణ్ణి, కంపెనీ పంపింది. జగిత్యాల దగ్గరి మనిషి, ముప్పై నాలుగేళ్ళుంటాయి. వెంట అయిదు లీటర్ల డబ్బా తెచ్చుకున్నాడు, నిండా చల్లటి నీళ్ళు. వరసలో కూర్చుని సగం తాగేశాడు.

"ఏందబ్బా, అంత దాహమా?" అన్నాను.

"ఏం జెయ్యాలె భాయ్. తాగుతానే ఉన్న, పోస్తానే ఉన్న. నాలుక పిడచకట్టుకపోతాంది. రాత్రి ఆరేడుసార్లు లేస్తాన. రూములోళ్ళు తిడుతాండ్రు. సల్లటి నీళ్ళైతెనే పానం నిమ్మళమైతది."

ఈ నాలుగు మాటల్లో జబ్బు మొత్తం ఉంది. అలవాటుగా తాగేవాడు నిద్రపోతే లేవడు, ఇతను లేస్తున్నాడు. మామూలు నీళ్ళు కాదు, చల్లటివే కావాలంటున్నాడు. ఇవన్నీ నేను విన్నాను. అతను పనిచేసేది పద్నాలుగో అంతస్తులో, మరుగుదొడ్డి కింద. లిఫ్టు దిగి ఎక్కేసరికి పావుగంట. రోజుకు ఇరవైసార్లు దిగుతున్నాడని ఫోర్‌మన్ ఫిర్యాదు. షుగరేమో చూడమని కంపెనీ రాసింది.

పట్టీ ముంచాను. మెషీన్ కాగితం వచ్చింది. చక్కెర లేదు. ప్రొటీన్ లేదు. ఆ కింద మూత్రం చిక్కదనం, 1002. మంచినీటిని వెయ్యి అనుకోండి. జులై ఎండలో ఒళ్ళంతా చెమటోడ్చిన కూలీకి అది 1020 దాటి ఉండాలి. ఇది దాదాపు కుళాయి నీళ్ళు. నా కన్ను ఆ అంకె మీద ఆగింది. అన్ని నీళ్ళు తాగాడు కదా, పల్చగానే ఉంటుందిలే అనుకున్నాను. అనుకుని ఫారంలో రెండు గళ్ళు నింపి, కింద 'నార్మల్' అని సంతకం పెట్టాను.

డాక్టరు ఫారం చూశాడు. "షుగర్ లేదు, పోయి పని చూసుకో. నీళ్ళు తగ్గించు. ఎంత తాగితే అంత వస్తుంది, ఇందులో వింతేముంది?" అని చీటీ రాశాడు. నీళ్ళు తక్కువ తాగాలి, పనికి వెళ్ళవచ్చు. గంగారాం ఆ చీటీని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని నాకు సలాం చెప్పి వెళ్ళాడు.

గోడ మీద రంగుల పట్టిక

ఫోర్‌మన్ దుర్మార్గుడని రాస్తే నాకు సులువు. కానీ అతను డాక్టరు చీటీని పాటించాడు, అంతే. రోజుకు రెండు సీసాలు అని లెక్క పెట్టాడు. గంగారాం కొన్ని రోజులు దొంగతనంగా నెట్టుకొచ్చాడు. చేతులు కడిగే కుళాయి కింద నోరు పెట్టేవాడు, ఎవరూ చూడనప్పుడు పక్కవాడి డబ్బా ఎత్తేవాడు. నీళ్ళ దొంగ అని సైట్‌లో పేరు పెట్టారు. పదో రోజు ఫోర్‌మన్, ఇతన్ని కిందికి దించవద్దని లిఫ్టు నడిపేవాడికి చెప్పాడు.

మధ్యాహ్నానికి గంగారాం పొంతన లేకుండా మాట్లాడుతూ కూలబడ్డాడు. సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. ఇక్కడ సైట్లలో మరుగుదొడ్డి గోడ మీద రంగుల పట్టిక ఒకటి ఉంటుంది. మూత్రం లేత రంగులో ఉంటే ఒంట్లో నీళ్ళున్నట్టు, ముదురు గోధుమ రంగయితే ప్రమాదం. ఆ పట్టికను నేను తప్పుపట్టను. అది చాలామందిని ఎండదెబ్బ నుంచి కాపాడింది. కానీ కిడ్నీ మాట వినేవాడికే అది పనికొస్తుంది. గంగారాం చేత డబ్బాలో పోయించి పట్టిక పక్కన పెట్టి చూశారు. స్ఫటికంలా తెల్లగా ఉంది. ఎండదెబ్బ కాదు, నాటకం అని తేల్చేశారు. పైగా నీరసానికని గ్లాసెడు నీళ్ళలో రెండు పొట్లాల ఉప్పు-చక్కెర పొడి కలిపి పట్టించారు. ఒంట్లో నీళ్ళింకి ఉప్పు పేరుకుపోతున్న మనిషికి మళ్ళీ ఉప్పు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదీ. తర్వాత బస్సెక్కించి క్యాంపుకు పంపేశారు.

నీళ్ళు లేక చచ్చిపోతున్న మనిషిని, అతని మూత్రమే చూపించి, నీకు నీళ్ళు బాగా ఉన్నాయిరా అన్నారు.

ఎల్లయ్య తెచ్చిన సీసా

సాయంత్రం ఆరింటికి ఎల్లయ్య వచ్చాడు. గంగారాం గదిలోనే ఉంటాడు, అతని ఊరివాడే. చేతిలో మంచినీళ్ళ సీసా. మా క్లినిక్‌కి ఎవరొచ్చినా ముందు శాంపిల్ అడుగుతామని క్యాంపంతటికీ తెలుసు. అందుకని లేవలేని దోస్తు మూత్రం ముందే పట్టుకుని వస్తారు. నేను నిజంగానే మంచినీళ్ళనుకుని పక్కన పెట్టాను.

"అవి తాగేటివి గావు భాయ్. మా గంగారాంయి. మనిషి సోయిల లేడు. నన్ను గుర్తుపడ్తలేడు."

"పొద్దున్నించి ఎన్ని నీళ్ళు తాగినాడబ్బా?"

"తాగనిస్తేగద. గా సేఫ్టీ ఆయన ఒక గ్లాసు తాపిండట. డాక్టర్ సాబ్ చీటీ రాసిండు, తాగద్దని. మేం గూడ ఇయ్యలే."

పట్టీ ముంచాను. 1002. పొద్దుటి నుంచి నీళ్ళు లేని మనిషికి, అదే అంకె. పది రోజుల కింద నేను అన్న మాట, 'తాగాడు కదా పల్చగానే ఉంటుంది', అప్పటికప్పుడు అబద్ధమని తేలిపోయింది. డాక్టరు ఇంటికి వెళ్ళిపోయాడు. ఫోన్ చేశాను.

"షుగర్ ఎంత?" అన్నాడు.

"లేదు సార్. చిక్కదనం 1002 ఉంది. మనిషికి స్పృహ సరిగా లేదు."

"షుగర్ లేనప్పుడు కంగారెందుకయ్యా. రేపు పొద్దున తీసుకురమ్మను."

అంబులెన్సుకు ఫోన్ చేసి, ఎల్లయ్య వెంట క్యాంపుకు నడిచాను. ఎనిమిది మంచాల గదిలో కింది మంచం మీద గంగారాం. పెదాలు పగిలి ఉన్నాయి. నాలుక బయటపెట్టమంటే పెట్టాడు, చెక్కలా ఉంది. లేపి కూర్చోబెట్టి చెంచాతో నీళ్ళు పోస్తే గుటక వేశాడు. గదిలో ఏడుగురు నిలబడి చూస్తున్నారు. చీటీకి భయపడి వాళ్ళు అతనికి గుక్కెడు నీళ్ళివ్వలేదు. చదువురాని వాళ్ళు కాబట్టి కాదు. చదువుకున్నవాళ్ళు రాశారని నమ్మి.

ఫోర్‌మన్ ముందే చేసిన పరీక్ష

అంబులెన్సులో నేనూ ఎల్లయ్యా వెంట వెళ్ళాం, ఆసుపత్రిలో ఒక సూడాన్ డాక్టరమ్మ చూసింది. రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పెరిగి ఉంది. దాన్ని ఒక్కసారిగా దించితే మెదడు వాస్తుందని, రెండు రోజులు గంటగంటకూ కొలుస్తూ మెల్లగా దించారు. ఈ జబ్బును తేల్చడానికి మామూలుగా ఒక పరీక్ష ఉంది. మనిషికి కొన్ని గంటలు నీళ్ళు ఆపి, పక్కన కూర్చుని, బరువు చూస్తూ, మూత్రం చిక్కబడుతుందా లేదా అని చూస్తారు. బరువు మరీ తగ్గితే ఆపేస్తారు. నేను దాని గురించి అడిగితే ఆ డాక్టరమ్మ నా వైపు చూసి, ఇతనికి ఆ పరీక్ష సైట్‌లోనే చేసేశారు కదా, ఇంక నేనెందుకు చెయ్యాలి అంది. ఉప్పు ఇంత పెరిగినా మూత్రం నీళ్ళలా ఉందంటే ఫలితం వచ్చేసినట్టే. బరువు చూసేవాడు, ఆపేవాడు లేకుండా పద్నాలుగో అంతస్తు మీద జరిగిన పరీక్ష అది.

హార్మోన్ మందు ఇచ్చారు. కొన్ని గంటల్లో మూత్రం సంచిలోకి పసుపు రంగు దిగింది. ఎల్లయ్య ఆ సంచి పట్టుకుని చూసి, "రంగొచ్చింది భాయ్" అని ఏడ్చాడు.

తర్వాత ఆమె, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. జూన్‌లో క్యాంపు బాత్రూంలో జారిపడ్డాడని కంపెనీ రాయించిన పాత కాగితాల్లో ఉంది. ఎల్లయ్య తల దించుకుని నిజం చెప్పాడు. సైట్‌లో పైనుంచి, స్లాబుకు ఆనించే ఇనప జాకీ పైపు జారి హెల్మెట్ మీద పడింది. గేటు దగ్గర బోర్డు ఉంటుంది, ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు అని. ఆ అంకె సున్నాకు రాకూడదని సైట్ దెబ్బను బాత్రూం దెబ్బగా రాయిస్తారు. అందరూ రాస్తారు, అందరికీ తెలుసు. ఆ దెబ్బకు మెదడు కింద హార్మోన్ వదిలే చోటు చెడింది. అప్పుడు ఆసుపత్రిలో ఒక్కరోజు ఉంచి పంపేశారు, దాహం ఆ వారంలోనే మొదలైంది.

కాగితం

నాలుగో రోజు కంపెనీ మా క్లినిక్‌కి రాసింది, గంగారాం రిపోర్టు కాపీ పంపమని. ఎందుకో నాకు అర్థమైంది. నేను సంతకం పెట్టిన 'నార్మల్' వాళ్ళకు కావాలి. ఆ కాగితం ఉంటే జూన్ దెబ్బకు, ఈ జబ్బుకు సంబంధం తెగిపోతుంది. జులైలో మనిషి బాగానే ఉన్నాడు, తర్వాత ఊరి జబ్బేదో బయటపడింది అంటారు. ఆ హార్మోన్ మందు లేకపోతే గంగారాం బతకడం కష్టం, జీవితాంతం వాడాలి. అది అతని నెత్తిన పడేసి విమానం ఎక్కిస్తారు.

మెషీన్‌లో పాత ఫలితాలు నిల్వ ఉంటాయి. రెండు వారాల కిందటి 1002 మళ్ళీ అచ్చు తీశాను. దాని కింద, అచ్చు తీసిన రోజు తేదీ వేసి, ఈ అంకె నేను చూశాను, ఫారంలో రాయలేదు అని రాసి సంతకం చేశాను. ప్రసాద్ గారి ముందు పెట్టాను.

ఆయన చదివి తలుపు వేశాడు. "రిపోర్టు మారిస్తే లైసెన్సు పోతుంది, తెలుసా?"

"మార్చలేదు సార్. పాతది అట్టే ఉండాది. ఇది నా తప్పు, నా చేత్తో రాసినా."

"నీ తప్పు రాసుకుంటే నా చీటీ బయటికొస్తుంది కదయ్యా."

"వస్తది సార్. రావాల."

ఆయన ఆ కాగితాన్ని నా వైపు తోశాడు. తర్వాత, "అరవై దాటాయి నీకు. రెస్టు తీసుకో" అన్నాడు. నా పదవీ విరమణ సభ అదే. వీసా ఖలాస్. ఇప్పుడు మా ఆవిడ స్కూల్లో పాఠాలు చెబుతుంది, నేను ఆమె వీసా మీద ఉన్నాను. ప్రసాద్ గారు ఆ తర్వాత ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యలేదు.

ఆ కాగితాన్ని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరమ్మకు ఇచ్చాను. ఎల్లయ్య తన ఉద్యోగం పోతుందని తెలిసీ పైపు సంగతి సంతకం పెట్టి చెప్పాడు. నెలలు పట్టింది గానీ, పనిలో తగిలిన దెబ్బే అని చివరికి కంపెనీ ఒప్పుకుంది, మందు తన మీద వేసుకుంది. మంచే జరిగింది కదా అంటారు నా దోస్తులు. ఏం మంచి? మొదటి రోజు ఒక్క అంకె రాసి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నందుకు నన్ను మెచ్చుకోకండి.

గంగారాం ఊరికి వెళ్ళే ముందు రోజు నేను క్యాంపుకు వెళ్ళాను. పెట్టె సర్దుకుంటున్నాడు. మందు ఎప్పుడు వేసుకోవాలో, వేసుకున్నాక నీళ్ళు మరీ ఎక్కువ తాగితే ఏమవుతుందో మళ్ళీ చెప్పాను. అంతా విన్నాడు. పెట్టె మూసి, మంచం మీద నా పక్కన కూర్చుని అడిగాడు.

"భాయ్, పెయిల ఇంత జబ్బుండె గద. ఫస్టు అచ్చిన్నాడు నీ మిషన్ల ఏం కనవడలేదా?"

అబద్ధం చెప్పవచ్చు. ఆ కాగితంలో నేనేం రాశానో అతనికి ఎవరూ చెప్పలేదు.

"కనబడింది. నేనే రాయలేదు" అన్నాను.

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"కనవడ్డదా," అన్నాడు. "అందరు నాటకం నాటకం అంటాంటె, నిజంగనే నేను నాటకమాడుతానేమో అని నాకే అనిపించింది భాయ్."